రూపం మార్చుకునే జీవులకు షరతు ఉండాలా?

చెట్టునీడ (మల్లేశ్వరం, బెంగళూరు):

పోయిన ఆదివారం కబ్బన్ పార్కులో మా తెలుగు పాఠకుల బృందం ఒక కొత్త ఫాంటసీ నవల రాతప్రతి చదివింది. కథానాయిక నాగిని, ఉండేది ఈ ఊళ్లోనే. తలచుకుంటే పాము, మళ్లీ తలచుకుంటే మనిషి. అడ్డూ అదుపూ లేదు. రచన చురుగ్గా ఉంది, మెజెస్టిక్ ప్రాంతపు వర్ణన చాలా బాగుంది. అయినా ఆ నాగినికి ఏమవుతుందోనన్న బెంగ నాకు ఒక్క పుటలోనూ కలగలేదు. ఆ మాట అన్నందుకు మొదలైన వాదన చీకటి పడినా తెగలేదు. రచయిత్రి అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను.

నేనన్నది ఇది. జానపద కథలో రూపం మారడమంటే ప్రాణాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం. దాన్ని కొత్త రచయితలు ఉత్త శక్తిగా మార్చేస్తున్నారు.

కన్నడ సీమలో ఆడవాళ్లు చెప్పుకునే పూలచెట్టు కథనే తీసుకోండి. ఎ.కె. రామానుజన్ సేకరించిన కథ అది. పేదరాలి చిన్న కూతురు పూలు అమ్మి తల్లికి సాయపడాలనుకుంటుంది. అక్కతో రెండు బిందెల నీళ్లు తెప్పిస్తుంది. ఒక బిందె తన మీద పోస్తే చెట్టవుతుంది, రెండోది పోస్తే మళ్లీ పిల్ల అవుతుంది. చిగురు తుంచకుండా, ఆకు చించకుండా పూలు కోసుకోమంటుంది. అక్క అలాగే చేస్తుంది. పెళ్లయ్యాక ఆడపడుచు, ఆమె స్నేహితురాళ్లు కొమ్మలు విరిచి, రెండో బిందె సరిగా పోయకుండానే పారిపోతారు. కాళ్లూ చేతులూ లేని మొండెం మిగులుతుంది, అటు చెట్టూ కాదు, ఇటు మనిషీ కాదు.

మేం కూర్చున్న చోట గులాబిరంగు టబేబుయా చెట్టు విరగబూసి ఉంది. మా ఎదుటే ఒక కుర్రవాడు ఫోటోలో పూలవాన పడాలని కొమ్మను పట్టుకుని గుంజాడు. కొమ్మ చీలి, తెల్లటి లోపలి చెక్క బయటపడింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ కథ చిన్నప్పుడు వినకపోయి ఉంటే అలా అయ్యేది కాదు. ఒకరి చేతిలో ఉన్న ప్రాణం గురించి కథ చెప్పినప్పుడే ఇలాంటి జలదరింపు మిగులుతుంది.

కొత్తకలం (మారతహళ్లి):

ఆ రాతప్రతి నాదే. చెట్టునీడ గారూ, మీ మాట నొప్పించలేదు, కానీ ఒప్పుకోను.

ఆ రెండో బిందె ఎప్పుడూ ఆడపిల్లకే ఎందుకు? స్కాట్లాండు ఉత్తర దీవుల్లో సెల్కీ కథలున్నాయి. సీలు జంతువు ఒడ్డుకొచ్చి, తోలు విప్పి, మనిషవుతుంది. ఒక జాలరి ఆ తోలు దాచేస్తాడు. ఆమె అతనికి భార్యై పిల్లల్ని కని, ఏళ్ల తరబడి ఇంటిచాకిరీ చేస్తుంది. ఎప్పుడో ఆ తోలు కంటపడగానే సముద్రంలోకి వెళ్లిపోతుంది. మీరు దాన్ని నమ్మకం అంటారు, నేను దొంగతనం అంటాను. తోలు తన దగ్గరే ఉంచుకున్న అమ్మాయి కథ రాయాలన్నది నా కోరిక. నా తరం చదువరులకు అది కావాలి.

ఇంకొకటి. షరతు లేనిదే జానపదం కాదన్నట్టు మాట్లాడుతున్నారు. మన రాక్షసుల్ని కామరూపులనే, అంటే కోరిన రూపం ఎత్తేవాళ్లనే, అన్నారు కదా! మారీచుడు ఎవరి బిందె కోసం ఎదురుచూశాడు? హిడింబి భీముణ్ణి చూసి తనంత తానే అందగత్తెగా మారింది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

వీణతీగ (జయనగర్):

పాటల వైపు నుంచి ఒక మాట. స్కాట్లాండులో టామ్ లిన్ అనే పాతపాట ఉంది. 1549 నాటి పుస్తకంలోనే ఆ పేరు కనిపిస్తుంది. 1969లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఆంగ్ల బృందం విద్యుత్ గిటార్లతో పాడింది. యక్షిణుల రాణి చెరలో ఉన్న ప్రియుణ్ణి జానెట్ విడిపించాలి. షరతు ఒక్కటే, పట్టు వదలకూడదు. అతను ఆమె చేతుల్లో పామవుతాడు, ఎలుగుబంటి అవుతాడు, సింహం అవుతాడు, ఎర్రగా కాలిన ఇనుపకడ్డీ అవుతాడు. ఆమె వదలదు.

వరస పట్టించుకుని వినండి. చరణం చరణానికీ అతని రూపం మారిపోతున్నా పాట వరస మారదు. జానెట్ పట్టు అదే. అందుకే రూపం మారే కథలు పాటలో అంత బాగా ఇముడుతాయని నా నమ్మకం. ఈమధ్య వచ్చే ఫాంటసీ సంగీతంలో తోడేలు ప్రస్తావన రాగానే శ్రుతీ లయా అన్నీ మార్చి పారేస్తున్నారు. పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

పైన చెప్పిన పూలచెట్టు కథ ఒపేరా కూడా అయింది. అమెరికా స్వరకర్త జాన్ ఆడమ్స్ కూర్చినది 2006లో వియన్నాలో తొలిసారి ప్రదర్శించారు. బృందగానం స్పానిష్‌లో సాగుతుంది. మన పొరుగు పెరట్లో చెప్పుకున్న కథ అంత దూరం వెళ్లి కూడా ఆ నీళ్ల బిందెల్ని వదులుకోలేదు.

పాతపుస్తకం (అవెన్యూ రోడ్డు):

ఇద్దరికీ నాదొక చిన్న అడ్డంకి. రూపం ఎవరు మార్చారన్నదొక్కటే చూస్తే సరిపోదు, అవతలివాళ్లకు తెలిసి మార్చారా అన్నది చూడాలి.

మనుచరిత్రలో ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వరూధిని దగ్గరికి వస్తాడు. పెద్దనకు మూలమైన మార్కండేయ పురాణంలో వాడు పెట్టే షరతు ఉంది, కలయిక వేళ కళ్లు మూసుకోవాలి. మోసగాడికీ షరతు కావలసి వచ్చింది చూడండి! దాన్నే గిరీష్ కర్నాడ్ 1988 నాటి నాటకం నాగమండల పక్కన పెట్టండి. రామానుజన్ చెప్పిన కన్నడ జానపద కథలే దానికీ ఆధారం. భర్త తాళం వేసి బంధించిన ఇల్లాలి దగ్గరికి, రాత్రిళ్లు నాగుపాము భర్త రూపంలో వస్తుంది. అదీ మాయే. కానీ ఆమెతో మెత్తగా మాట్లాడిన మొదటి నోరు అది. మాయా ప్రవరుణ్ణి చూస్తే నాకు కోపం వస్తుంది, ఈ నాగును చూస్తే గొంతు పట్టేస్తుంది. రెండూ అదే ఎత్తుగడ. కాబట్టి షరతు ఉంటే కథ గొప్పదనీ లేకపోతే తక్కువదనీ తేల్చలేం.

నల్లతోడేలు (వైట్‌ఫీల్డ్):

మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడికి తోడేలు మనుషులు తెలుసు, జపాను నక్కలు తెలుసు. కామరూపి అంటే ఏ ఊరు అని అడిగాడు. షరతు సంగతి తరవాత, ముందు ఆ నవల త్వరగా అచ్చు వేయించండి.

చెట్టునీడ:

పాతపుస్తకం గారు చెప్పింది రెండు రోజులు నన్ను వదల్లేదు. కొత్తకలం గారూ, సెల్కీ విషయంలో మీదే సరైన మాట. తోలు దాచినవాడిని నేను మరిచిపోయాను. ప్రాణం ఇంకొకరి చేతిలో ఉండి తీరాలన్న నా పట్టు సడలిస్తున్నాను.

కానీ మారీచుణ్ణి మీరు సగమే చూశారు. బాణం తగలగానే లేడి రూపం జారిపోయింది. పోతూ పోతూ రాముడి గొంతుతో "హా సీతా, హా లక్ష్మణా" అని అరిచాడు. ఒంటి మీద రూపం నిలవలేదు, అరువు గొంతు మాత్రం పనిచేసింది. రామాయణం మొత్తం ఆ కేక మీద తిరిగింది. ఇష్టం వచ్చినట్టు మారగలిగినవాడికి కూడా ఏది జారిపోతుందో, ఏది అంటుకునే ఉంటుందో వాల్మీకి లెక్కగా రాశాడు. మీ నాగినిలో నాకు కొరవడింది అదే. మూడో అధ్యాయంలో ఆమె పుట్టలోంచి వచ్చి చీర కట్టుకుని బస్సెక్కుతుంది. పాముగా ఉన్నప్పటిది ఆమెలో ఏం మిగిలింది? బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు తెలియకపోయినా సరే, చదివే నాకు తెలియాలి.

కొత్తకలం:

బిందెలు మాత్రం పెట్టను. నా నాగిని తిరిగి మనిషి కావడానికి ఎవరూ నీళ్లు పోయనక్కరలేదు. అక్కడ మన దారులు వేరు.

మీ ప్రశ్న మాత్రం తీసుకున్నాను. నిన్న రాత్రి మూడో అధ్యాయం తిరగరాశాను. పాముకు బయటి చెవులుండవు, నేలలోని అదురు దవడ ఎముకల్లోంచి తెలుస్తుంది. అందుకని ఇప్పుడు ఆమె మనిషయ్యాక కాసేపు మాటలు సరిగా వినిపించవు. మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడుతుంది. కండక్టరు ఎక్కడికని రెండుసార్లు అడుగుతాడు, ఆమె జవాబు చెప్పదు. నేల కింద మెట్రో రైలు వస్తోంది. ఆ గుంపులో అందరికన్నా ముందు అది ఆమెకు తెలుస్తుంది, చెప్పులు విప్పేసి నిలబడుతుంది.

వచ్చే ఆదివారం అదే చెట్టు కింద ఆ అధ్యాయం చదువుతాను. నల్లతోడేలు గారూ, మీ అబ్బాయిని తీసుకురండి.