ఇంటి నుంచి డైరెక్ట్ సెల్లింగ్: చుట్టాలు, పక్కింటివాళ్లు అయిపోయాక అమ్మకాలు ఎలా?

సత్యనారాయణపురం_గృహిణి
విజయవాడ. ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో చేరి, వాళ్ల కిచెన్ డబ్బాలు, షాంపూలు, క్రీములు తెలిసినవాళ్లకు నేరుగా అమ్ముతున్నాను. మొదట్లో చుట్టాలు, అపార్ట్‌మెంట్ వాళ్లు బాగానే తీసుకున్నారు, ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కంపెనీలో నా లెవెల్ (అమ్మకాల పాయింట్లను బట్టి ఇచ్చే హోదా) పోకుండా నెలాఖరున నేనే సరుకు కొంటున్నాను. "కొత్తవాళ్లను చేర్పించు, హుషారు అదే వస్తుంది" అంటున్నారు అప్‌లైన్ గారు, అంటే నన్ను ఇందులో చేర్పించినవారు. ఏం చేస్తే బాగుంటుంది?

బ్రాడీపేట_లెక్కలు
హుషారు తగ్గడానికి కారణం మీరే రాశారండి: నెలాఖరు కొనుగోలు. 400 రూపాయల బాటిల్ మీద మీ మార్జిన్ 20 శాతం అనుకుంటే 80 రూపాయలు. అందులో కస్టమర్‌కి 20 తగ్గించి, పెట్రోలుకి ఇంకో 20 పోతే చేతికొచ్చేది 40. పాయింట్ల కోసం 3,000 రూపాయల ఎమ్మార్పీ సరుకు 2,400 పెట్టి కొన్నారనుకోండి, అరవై బాటిళ్ల లాభం అల్మారాలో కూర్చున్నట్టే. పైగా క్రీములకు ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. లెవెల్ పోతే పోనివ్వండి. ఒప్పందంలో సరుకు వాపసు షరతులు ఎలా ఉన్నాయో చదివి, సీలు తీయనివి గడువులోపు వెనక్కి పంపండి.

కొత్త మనుషుల కంటే పాత కస్టమర్ల రెండో కొనుగోలు ముఖ్యం. నోటుబుక్కులో మనిషికో పేజీ పెట్టి తీసుకున్న వస్తువు, తేదీ, ఎప్పటికి అయిపోతుందో రాయండి. ఇద్దరు వారానికి రెండుసార్లు తలంటుకుంటే, మనిషికి 8 మి.లీ. చొప్పున 200 మి.లీ. షాంపూ ఆరు వారాలు వస్తుంది. అయిదో వారంలో ఫోన్ చేయాలి. మూడో వారంలో చేస్తే విసుక్కుంటారు, ఎనిమిదో వారంలో చేస్తే ఈలోపు కిరాణా కొట్లో వేరేది కొనేసి ఉంటారు. వాట్సాప్ స్టేటస్‌లో రోజుకు పది ఫొటోలు పెడితే మ్యూట్ చేస్తారు తప్ప ఆర్డర్ రాదు.

పటమట_డెమో
ఇంటికి పిలిచి వస్తువు చూపించే డెమో గురించి నా మాట. ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు ముగించాలి. ఒక్క రకం వస్తువే చూపించండి. డబ్బాలైతే నీళ్లు పోసి మూత పెట్టి, బోర్లించి వాళ్ల చేతికివ్వండి. అన్నీ పరిచేస్తే "ఆలోచించి చెప్తాం" అని లేచిపోతారు. చివరి పది నిమిషాలు ఆర్డర్ రాసుకోవడానికే ఉంచుకోండి. టిఫిన్లు పెట్టారా, మీ మార్జిన్ ప్లేట్లలోకి పోయినట్టే, మజ్జిగ చాలు.

అసలు సీజన్ శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి వాయనంలో ఇచ్చే చిన్న డబ్బాలకు ఆషాఢంలోనే ఆర్డర్లు పట్టాలి, తర్వాతైతే అడిగిన రంగు గోడౌన్‌లో దొరకదు. 200-250 మి.లీ. సైజు సరిపోతుంది. నానబెట్టిన శనగలు వేస్తారు కాబట్టి మూత బిగుతుగా ఉందో లేదో ముందే చూడండి, నీరు కారితే పట్టుచీర మీద పడుతుంది, ఆ మాట వీధంతా తిరుగుతుంది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెప్పించండి. సగం డబ్బు ముందు తీసుకోండి.

మే నెలలో లిప్‌స్టిక్, క్రీములు స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరగొద్దు. బెజవాడ ఎండకు మెత్తబడిపోతాయి. పొద్దున్న తొమ్మిదిలోపో, సాయంత్రం ఆరు తర్వాతో డెలివరీ ఇవ్వండి.

రూల్స్_చదివినవాడు
చేర్పించడం సంగతికొస్తే, 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు పిరమిడ్ స్కీములను నిషేధించాయి. ఆదాయం సరుకు అమ్మకం నుంచి కాకుండా మనుషుల్ని చేర్చడం నుంచి వస్తుంటే ఆ కంపెనీకి దూరంగా ఉండటమే మంచిది. మీ వైపు నుంచి కూడా కొన్ని పాటించాలి: ఐడీ కార్డు లేకుండా, ముందు టైం అడగకుండా ఒకరింటికి అమ్మకానికి వెళ్లకూడదు. "ఇంకో ఇద్దర్ని చూపిస్తే మీ డబ్బు మీకొచ్చేస్తుంది" అని చెప్పి అమ్మడం కూడా తప్పే. చాలామంది డెమోల్లో సరిగ్గా ఇదే మాట వాడతారు!

సత్యనారాయణపురం_గృహిణి
చాలా థాంక్స్ అండి. అరువు సంగతి అడగడం మర్చిపోయాను. కింది ఫ్లోర్ అక్కలకు కాదనలేక ఇచ్చాను, ఇప్పుడు అడగాలంటే మొహమాటం.

బ్రాడీపేట_లెక్కలు
జీతాలు పడే మొదటి వారంలో అడగండి, ఇరవయ్యో తేదీ తర్వాత అడిగితే ఇద్దరికీ ఇబ్బందే. "బాకీ" అనకుండా బిల్లు ఫొటో, క్యూఆర్ కోడ్ కలిపి వాట్సాప్‌లో పంపండి. పాతది తీరాకే కొత్త వస్తువు. ఇకమీదట "కంపెనీకి ముందే డబ్బు కట్టాలి అక్కా" అనండి, అది నిజమే కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఎంత దగ్గరివాళ్లకైనా 500 దాటి అరువు వద్దు.