‘పింగళి’ అంటే ఏ పింగళి?

ఈ పేరున్న వాళ్లంతా ఒకే కుటుంబమా అని ఎవరో అడిగారు కదా, దానికి జవాబు.

సినిమా పిచ్చోడి ముందు ‘పింగళి’ అంటే చాలు, నాగేంద్రరావు గారే. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకు పక్కన ‘కాటూరి’ తగిలితేగానీ తృప్తి ఉండదు, ఎందుకంటే వాళ్లకు గుర్తొచ్చేది సౌందరనందం రాసిన జంటలోని లక్ష్మీకాంతం గారు. ఇక రామాయణ భారతాలు రెంటినీ ఒకే పద్యాలతో నడిపిన రాఘవపాండవీయం కవిని ఉత్త పింగళి అని ఎవరంటారు, ఆయన సూరనే.

వెంకయ్య గారిదే విచిత్రం. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన మనిషికి జనం ఇంటిపేరు పీకేసి మూడు కొత్తవి తగిలించారు. జపనీస్‌లో ఉపన్యాసం ఇచ్చాడని జపాన్ వెంకయ్య, కంబోడియా పత్తి మీద పనిచేశాడని పత్తి వెంకయ్య, వజ్రాల సంగతి తెలుసని డైమండ్ వెంకయ్య. మన ఇంటిపేర్లలో కొన్నయినా ఇలాగే పుట్టి ఉంటాయి, కాకపోతే ఈయన పిల్లలు ‘జపాన్ వారు’ అయిపోలేదంతే.

సూరన పూర్వీకుల్లో గోకమంత్రి అని ఒకాయన పేకి అనే భూతాన్ని ఇంట్లో పనికి పెట్టుకున్నాడని కథ ఉంది. అది చదివి, ఆ రక్తమే 1951లో నాగేంద్రరావు గారి చేత పాతాళభైరవి రాయించిందని లంకె వేస్తే వినడానికి భలేగా ఉంటుంది గానీ ఇంటిపేరొక్కటే ఆధారమంటే ఎలా? ఒకే ఇంటిపేరుతో గోత్రాలు వేరేవాళ్లు, కులాలే వేరైనవాళ్లు మనలో ఎంతమంది లేరు! నాకైతే వంశం కన్నా ఆ పింగళి చేసిన మాటల మీదే మోజు. సంస్కృతంలో ‘అస్మదీయ’ ఉంది, మనవాళ్లని. దాన్ని మాయాబజార్ కోసం ‘అసమదీయులు’గా సాగదీసి, ఎదుటివాళ్లకు ఏ వ్యాకరణమూ ఒప్పుకోని ‘తసమదీయులు’ కట్టేశారు. ఇప్పుడు టెండర్లు ఎవరికి దక్కాయో రాసే విలేకరికి ఆ మాట లేకపోతే పూట గడవదు.

↳ దశరథరామ్‌ని వదిలేశారేంటి? 1985లో విజయవాడలో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు, ఆయనా పింగళే. మా నాన్న తరంవాళ్లు మాత్రం ‘ఎన్‌కౌంటర్ దశరథరామ్’ అనే అంటారు, పత్రిక పేరే ఇంటిపేరైపోయింది.

↳ అయితే వెంకయ్య గారి లైన్లోనే ఇంకొకరన్నమాట.