మనాలీ నుంచి లేహ్: విమాన దూరం 215, రోడ్డు దూరం 430. ఏది సరైనది?

ప్రశ్న: నమస్కారమండీ. జూన్ నెలాఖరులో అమ్మానాన్నలతో కారులో మనాలీ నుంచి లేహ్ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. ఒక చోట దూరం 215 కి.మీ. అని ఉంది, మ్యాప్ 430 చూపిస్తోంది. సగానికి సగం తేడా ఎందుకు? హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి అదే రోజు తిరిగొస్తే 550 కి.మీ. అవుతుంది కదా, ఇది ఒక్క రోజులో అయిపోదా? విమానం ఉంటే మరీ మంచిది.

జవాబు 1: రెండు అంకెలూ నిజమేనండీ. 215 అన్నది రెండు ఊళ్ల మధ్య గీసిన తిన్నని గీత పొడవు. అంతమాత్రాన ఆ గీత మీద విమానం ఉందని కాదు. మనాలీలో అసలు విమానాశ్రయమే లేదు. దగ్గరిదంటే 50 కి.మీ. కింద ఉన్న భుంతర్. లేహ్‌కు ఢిల్లీలో ఎక్కడమే తేలిక, గంటన్నర లోపే దిగుతారు.

రోడ్డు రెట్టింపు కావడానికి కారణం కనుమలు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పి 46 కి.మీ. తగ్గింది. అయినా బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, తంగ్‌లాంగ్ లా (లా అంటే కనుమే) మిగిలే ఉన్నాయి. నకీ లాకు ముందు గాటా లూప్స్ అని 21 మలుపులు వస్తాయి. పైన బండి ఆపి కిందికి చూస్తే, ఎప్పుడో వెనక వదిలేసిన లారీ సరిగ్గా మా కాళ్ల కింద, అగ్గిపెట్టెంత, ఇంకా రెండో మలుపులోనే ఉంది. అక్కడ ఎంత తిరిగినా ముందుకు జరిగేది తక్కువ, పైకి ఎక్కడమే ఎక్కువ. ఒక్క రోజు ఆలోచన దయచేసి మానుకోండి.

జవాబు 2: పెద్దవాళ్లున్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. మేము దారిలో సర్చూలో ఆగాం. ఎత్తు దాదాపు 4,290 మీటర్లు. అంత ఎత్తున గాలి పలచన, అందుకే అర్ధరాత్రి నాన్నగారికి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. దిండుకు ఆనించి కూర్చోబెట్టి తెల్లవార్లూ చూస్తూ గడిపాం. ఆ తప్పు మీరు చేయకండి.

నా సలహా: ప్రయాణం తిప్పి పెట్టుకోండి. ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ వెళ్లండి. అదీ 3,500 మీటర్ల ఎత్తే, కాబట్టి మొదటి రెండు రోజులు గది దాటకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఒంటికి గాలి అలవాటయ్యాక కారులో మనాలీకి దిగండి. 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా అప్పుడు అంత బాధించదు. తెల్లవారుజామునే బయలుదేరి, రాత్రి బస జిస్పాలోనో కేలాంగ్‌లోనో పెట్టుకోండి. బయలుదేరే ముందు మీ డాక్టరును అడగడం మరవద్దు.

ప్రశ్న: చాలా సంతోషమండీ, అలాగే చేస్తాం. పెట్రోలు, ఫోను సంగతి?

జవాబు 1: లేహ్‌లోనే ట్యాంకు నిండుగా కొట్టించండి. మనాలీ వైపు నుంచి వెళ్తుంటే తాండీ బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కి.మీ." అని బోర్డు ఉండేది, దాన్నిబట్టే ఊహించుకోండి. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, ఒక్క పోస్ట్‌పెయిడ్ అయినా వెంట ఉండాలి. లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే. మధ్యాహ్నం గాలులు ఎక్కువ. అందుకని ముందు రాత్రే ఢిల్లీ చేరుకోండి.