స్కాట్లాండ్‌పై డండాస్‌ల పెత్తనం: ఆ ఇంటి సత్తువా, ఓటు చట్టంలోని లొసుగా?

కృష్ణాతీరం:
పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లాండ్‌ను శాసించిన బ్రిటిష్ మంత్రి హెన్రీ డండాస్ పేరెత్తితే వాదన బానిస వ్యాపారం మీదికే పోతుంది. 1792లో ఆ వ్యాపారాన్ని రద్దు చేయాలన్న ఎంపీ విల్బర్‌ఫోర్స్ తీర్మానంలో ‘క్రమంగా’ అన్న మాట చేర్పించాడు, కామన్స్ సభ 230–85తో ఆమోదించింది, నిషేధం మాత్రం 1807లో గాని రాలేదు. అది వేరే చర్చ. నేనడిగేది, ఒక్క కుటుంబం స్కాట్లాండ్ మొత్తాన్ని ఎలా గుప్పిట పట్టిందని. నా మటుకు నాకు తప్పు చట్టానిదే. ఎంపీలు 45 మంది, 1832 ముందు ఓటర్లు సుమారు 4,500. ఎడిన్‌బరో ఎంపీని ఎన్నుకునేది 33 మంది నగర మండలి సభ్యులు. ఇలాంటి చోట డండాస్ కాకపోతే మరొకడు. అంతకుముందు, 1761లో పోయేదాకా, మూడో ఆర్గైల్ డ్యూక్ అనే స్కాట్ ప్రభువు చేసిందీ ఇదే కదా.

పహాణీ రావు:
కౌంటీల్లో ఓట్లు ఎలా పుట్టించేవారో చూడండి. ఓటు భూమి దున్నేవాడిది కాదు, అనుభవించేవాడిది కూడా కాదు. రాజు నుంచి నేరుగా వచ్చిన పై హక్కు ఎవరి పేర ఉంటే వాడిది. ఆ హక్కుకు 400 స్కాట్స్ పౌన్ల మదింపు ఉంటే చాలు (12 స్కాట్స్ పౌన్లు ఒక ఇంగ్లిష్ పౌను). 4,000 మదింపున్న ప్రభువు ముందు భూమిని నమ్మకస్తుడి పేర పెట్టి, పై హక్కు తన దగ్గరే ఉంచుకుంటాడు. దాన్ని పది ముక్కలు చేసి, పదిమంది మిత్రులకు జీవితకాలానికి రాసిస్తాడు. రిజిస్టరు చేయించి ఏడాది ఆగితే, ఏటా మైకెల్మస్ పండుగ వేళ ఓటర్ల జాబితా సరిచూసే కౌంటీ సభలో పేర్లెక్కుతాయి. సెంటు భూమి లేకుండా పది ఓట్లు!

చిక్కల్లా ప్రమాణం దగ్గరే. ‘ఈ హక్కు నాదే, ఎవరి తరఫునా పెట్టుకున్నది కాదు’ అని ప్రమాణం చేయమని ప్రత్యర్థి పట్టుబట్టవచ్చు. చేయనంటే పేరు కొట్టేస్తారు. తగాదా ముదిరితే స్కాట్లాండ్ పెద్ద సివిల్ కోర్టు, కోర్ట్ ఆఫ్ సెషన్‌కు. 1760 నుంచి 1787 దాకా ఆ కోర్టు అధ్యక్షుడు హెన్రీకి సవతి అన్న రాబర్ట్.

కృష్ణాతీరం:
రావుగారూ, మీరు చెప్పిందంతా చట్టంలోని లొసుగే కదండీ. నా మాటే నిలబడింది.

విశాలాక్షి:
నిలబడలేదండీ. 1790లో, పై అప్పీళ్లు వినే లార్డ్స్ సభ తీర్పుతో ఆ కాగితపు ఓట్లు చాలావరకు పడిపోయాయి. డండాస్ పట్టు సడలాలి కదా? ఆ దశాబ్దంలోనే ఇంకా బిగిసింది. ఎందుకంటే అతని చేతిలో ఉన్నవి ఉద్యోగాలు. 1791లో హోం మంత్రి, 1793 నుంచి ఈస్టిండియా కంపెనీపై నిఘా పెట్టే బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు, 1794 నుంచి యుద్ధ మంత్రి. ఇంట్లోనూ అంతే: అన్న కొడుకు రాబర్ట్ 1789లో లార్డ్ అడ్వొకేట్ (స్కాట్లాండ్‌లో ప్రభుత్వ పెద్ద వకీలు) అయ్యాడు, అప్పటికే హెన్రీ కూతురి మొగుడు (మన వరసల్లో అన్నాచెల్లెళ్లు, వాళ్లలో అది మామూలే).

ఒక జాగ్రత్త. కంపెనీ ఉద్యోగాలు ఇచ్చేది డైరెక్టర్లు. బోర్డు అధ్యక్షుడికి మర్యాదగా కొంత వాటా దక్కేది, మిగతాది సిఫార్సు. మన దగ్గర కనిపించిన ప్రతి స్కాట్‌నూ డండాస్ పంపాడనడం తప్పు. రాయలసీమ తలుచుకునే మన్రో మద్రాసులో దిగింది 1780లో, కైఫియత్తులు సేకరించిన మెకెంజీ చేరింది 1783లో. బోర్డే 1784లో పుట్టింది.

పహాణీ రావు:
ఆవిడ చెప్పిందే సరి. నౌకాదళ సొమ్ము దుర్వినియోగమైందన్న ఆరోపణపై హెన్రీని 1806లో లార్డ్స్ సభ విచారించి నిర్దోషి అంది, కానీ మళ్లీ మంత్రి కాలేదు. కొడుకు రాబర్ట్ 1812లో నౌకాదళ మంత్రయి పెత్తనం నడిపాడు. 1827లో కొత్త ప్రధాని కానింగ్ ప్రభుత్వంలో చేరనని తప్పుకోగానే ఆ పెత్తనం జారిపోయింది. ఓటు చట్టం మారింది 1832లో.

కృష్ణాతీరం:
కౌంటీల వరకు ఒప్పుకుంటాను. పట్టణాల మాటేమిటి? ఎడిన్‌బరో కాక మిగిలిన 65 పట్టణాలు 14 గుంపులు. గుంపుకు నాలుగైదు ఊళ్లు, ఊరికో ప్రతినిధి. ముగ్గుర్ని తిప్పుకుంటే సీటు మీదే. ఆ ప్రతినిధిని పంపే మండలిలో పాతవాళ్లే కొత్తవాళ్లను ఎంచుకునేవారు, అదీ 1833 దాకా. లండన్ పదవి ఎవరి చేతిలో ఉన్నా, అమ్ముడుపోవడానికి ఆ మండళ్లు సిద్ధంగా ఉండబట్టే కదా కొనగలిగారు?