9-3తో ఉన్న కోచ్‌ను పంపేయడం: నెబ్రాస్కా తప్పా, జార్జియా ఒప్పా?

నాలుగో_డౌన్:
2003 నవంబరు 29న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ను తీసేసింది. ఆ సీజన్లో అప్పటికి 9 గెలుపులు, 3 ఓటములు. సరిగ్గా పన్నెండేళ్లకు, 2015లో అదే తేదీన, జార్జియా మార్క్ రిక్ట్‌ను సాగనంపింది. అక్కడా 9-3నే! జార్జియా 2021, 2022 సీజన్లలో వరసగా జాతీయ టైటిళ్లు కొట్టింది. నెబ్రాస్కా ఇప్పటికీ పాత వైభవం వెతుక్కుంటోంది.

నా మాట సూటిగా చెప్తాను. గెలుస్తున్న కోచ్‌ను తీయడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమే. జార్జియా మినహాయింపు.

నెబ్రాస్కాలో జరిగింది చూడండి. అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ క్రీడా విభాగం పెద్ద) స్టీవ్ పెడర్సన్ సోలిచ్‌ను తీసేనాటికి చేతిలో వేరే మనిషి లేడు. బిల్ కాలహాన్ పేరు ఖరారయ్యేసరికి 41 రోజులు గడిచాయి. వచ్చినాయన దశాబ్దాల నాటి ఆప్షన్ ఆటను పక్కనపెట్టి వెస్ట్ కోస్ట్ పద్ధతి తెచ్చాడు. ఆప్షన్‌లో, జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతితో పక్కకి పరుగెడతాడు. డిఫెన్స్ చివర ఉన్నవాడు తన మీదికొస్తే బంతిని రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరుగెత్తడమే పనిగా ఉన్నవాడికి) వదిలేస్తాడు, అటు పోతే తనే దూరిపోతాడు. దానికి కాళ్లు కావాలి. వెస్ట్ కోస్ట్‌కి కావలసింది మూడో ఐదో అడుగులు వెనక్కి వేసి, క్షణంలో పాస్ విసిరే చెయ్యి. ముందు లైన్లో ఐదుగురి పనీ తలకిందులవుతుంది: ఎదుటివాణ్ణి ముందుకు తోయడం నేర్చినవాళ్లు వెనక్కి జరుగుతూ కాపలా కాయాలి. అలాంటి కుర్రాళ్లను చేర్చుకుని తయారు చేయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2004లో ఫలితం 5-6. 1961 తర్వాత ఓటములు ఎక్కువైన తొలి సీజన్ అది. టెక్సస్ టెక్ చేతిలో 70-10! 2007 అక్టోబరులో పెడర్సన్‌నే ఇంటికి పంపారు. సోలిచ్ మాత్రం 2005లో ఒహాయో యూనివర్సిటీకి వెళ్లి 115 మ్యాచ్‌లు గెలిపించాడు.

పెరటి_చెట్టు:
గెలుపుల మొత్తం చూసి మోసపోకండి. సోలిచ్ 2002లో 7-7, అది మీరు రాయలేదు. కాలహాన్ తర్వాత నెబ్రాస్కా కోచ్‌గా వచ్చిన బో పెలీని ఏడు సీజన్లలో ఏనాడూ 9 గెలుపులకి తగ్గలేదు, నిజమే. కానీ పెద్ద మ్యాచ్ వస్తే కుప్పకూలడమే. 2012 బిగ్ టెన్ లీగ్ ఫైనల్లో విస్కాన్సిన్ 70-31తో ఉతికేసింది. 2014లో అదే విస్కాన్సిన్ తరఫున మెల్విన్ గోర్డన్ ఒక్కడే నెబ్రాస్కా మీద 408 గజాలు పరుగెత్తాడు. పై మెట్టు ఎక్కలేడని తేలిపోయాక తీసేయకుండా ఇంకా ఎన్నేళ్లు చూడాలి? ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2016లో లెస్ మైల్స్‌ను తీసింది, 2019లో 15-0తో టైటిల్ కొట్టింది. మైల్స్ కూడా 2007లో టైటిల్ గెలిచినవాడే. జాలిపడి ఉంచుకుంటే 2019 వచ్చేదా?

నాలుగో_డౌన్:
పెలీని తర్వాతది కూడా రాయండి మరి. మైక్ రైలీ మూడేళ్లలో 19-19. స్కాట్ ఫ్రాస్ట్ 16-31. 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడు సీజన్లు ఓటములే ఎక్కువ. పై మెట్టు సంగతి దేవుడెరుగు, ఉన్న మెట్టు విరిగింది.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ డబ్బు మర్చిపోతున్నారు. ఒప్పందం మధ్యలో తీసేస్తే మిగతా జీతంలో రాసుకున్న వాటా కట్టాలి. అదే బైఔట్. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌ను తీసినందుకు పడ్డ భారం సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. ఆయన లెక్క 45-25, మరీ చెత్తేం కాదు.

తేదీ కూడా ముఖ్యం. ఫ్రాస్ట్ బైఔట్ 2022 అక్టోబరు 1న కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకు తగ్గాల్సి ఉంది. నెబ్రాస్కా సెప్టెంబరు 11నే తీసేసింది. మూడు వారాలు ఓపిక పట్టనందుకు 75 లక్షలు!

ఒప్పందంలో చూడాల్సిన ఇంకో అంశం, కొత్త ఉద్యోగంలో వచ్చే జీతాన్ని మీరివ్వాల్సిన దాంట్లోంచి కోసుకునే వీలుందా అన్నది. పెన్ స్టేట్ 2025 అక్టోబరు 12న జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను (104-45) తీసినప్పుడు బాకీ సుమారు 4 కోట్ల 90 లక్షలు అన్నారు. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌లో చేరడంతో 90 లక్షలకు తెగింది. ఆ షరతు లేకుండా సంతకం పెట్టారో, ఆయన వేరేచోట జీతం తీసుకుంటుంటే మీరూ కడుతూనే ఉంటారు. హెడ్ కోచ్‌తో పోయే సహాయకుల ఒప్పందాల ఖర్చు దీనికి అదనం.

సంతకాల_రోజు:
డబ్బు దాతలు కడతారు మాస్టారూ, కుర్రాళ్లు మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తారు? సన్‌రైజర్స్ కోచ్ మారితే ఆటగాడు ఆయన వెంట పోలేడు, ఒప్పందం ఫ్రాంచైజీతో. ఇక్కడ హైస్కూల్ కుర్రాడు సంతకం పెట్టేదాకా ఇచ్చేది నోటిమాటే, అదీ కోచ్‌ని చూసి ఇచ్చిన మాట. జట్టులో ఉన్నవాళ్లకు కూడా కోచ్ మారితే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితాలో) ప్రత్యేక గడువు తెరుచుకుంటుంది.

హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీలతో పెట్టే తొలి సంతకాల గడువు ఇప్పుడు డిసెంబరు మొదటి వారంలోనే. అందుకే సెప్టెంబరు, అక్టోబరుల్లో వేటు వేస్తున్నారు, వెతకడానికి టైము ఉంటుందని. పెన్ స్టేట్ ఆ లెక్కే వేసింది. అయినా డిసెంబరు 3 నాటికి కొత్త కోచ్ పేరు ఖరారు కాలేదు, ఆ రోజు సంతకం పెట్టింది ఇద్దరే. మాటిచ్చిన వాళ్లలో చాలామంది ఫ్రాంక్లిన్ వెంటే వర్జీనియా టెక్‌కి పోయారు. తొందరగా తీసెయ్యడం ఒక్కటే చాలదు, లోపలికి రావడానికి ఒప్పుకున్న మనిషి ఉండాలి.

పెరటి_చెట్టు:
సరిగ్గా అదే జార్జియా చేసింది కదా! అలబామా డిఫెన్స్ నడిపిస్తున్న కర్బీ స్మార్ట్ జార్జియా పూర్వ విద్యార్థి. సౌత్ కరోలినా ఎగరేసుకుపోయేలా ఉందని కదిలారు. వారంలో ఖాయం. రిక్ట్ ఒప్పించిన క్వార్టర్‌బ్యాక్ జేకబ్ ఈసన్ జారిపోలేదు. రన్నింగ్ బ్యాక్‌లు నిక్ చబ్, సోనీ మిషెల్ రిక్ట్ తెచ్చినవాళ్లే, వాళ్లతోనే స్మార్ట్ రెండో ఏడు జాతీయ ఫైనల్ ఆడాడు.

నాలుగో_డౌన్:
ఒప్పుకుంటా. కానీ జార్జియాలో కోటికి పైగా జనం, ఏ ఊరి హైస్కూల్లో చూసినా ఆటగాళ్లే. నెబ్రాస్కా మొత్తం కలిపినా సుమారు 20 లక్షలే. కుర్రాళ్లను టెక్సస్, ఫ్లోరిడాల నుంచి తెచ్చుకోవాలి, తెచ్చేది కోచ్ పరిచయాలే. ఆయన పోతే ఆ దారులూ పోతాయి. ఇంటిచుట్టూ చెరువులున్నవాడు, నీళ్లు కొనుక్కునేవాడు ఒకే జూదం ఆడకూడదు.

సంతకాల_రోజు:
మరి టెనెసీ? 1998 టైటిల్ తెచ్చిన ఫిలిప్ ఫుల్మర్‌ను 2008లో పంపారు. వెంటనే తెచ్చుకున్న లేన్ కిఫిన్ ఒక్క ఏడాదికే సదరన్ కాలిఫోర్నియాకి చెక్కేశాడు. మళ్లీ పది గెలుపులు చూసింది 2022లో.

లెక్కల_మాస్టారు:
ఓలే మిస్ కథ ఇంకా చిత్రం. 2003లో 10-3 సాధించిన డేవిడ్ కట్‌క్లిఫ్‌ను మరుసటి ఏడు 4-7 రాగానే తీసేశారు. సహాయకులను మార్చమంటే ఆయన ఒప్పుకోలేదు. ఆయన చోట వచ్చిన ఎడ్ ఓర్జెరాన్ మూడేళ్లలో 10-25. కట్‌క్లిఫ్ 2013లో డ్యూక్ లాంటి జట్టుతో పది గెలిచాడు.

పెరటి చెట్టు గారూ, మీరు చెప్పిన ఎల్ఎస్‌యూ 15-0 కోచ్ కూడా ఆ ఓర్జెరానే. టైటిల్ కొట్టి రెండేళ్లు నిండకముందే, 2021 అక్టోబరులో, ఆయనతోనూ తెగతెంపులకు ఒప్పందం చేసుకున్నారు. సుమారు కోటీ 70 లక్షల డాలర్లు ఇచ్చి మరీ. ఆయన పేరు మీ జాబితాలో వేస్తారా, నాలుగో డౌన్ గారి జాబితాలోనా?