అప్‌డేట్: సిరొంచ (మహారాష్ట్ర) చదువు గదిలో ఆఫ్‌లైన్ వికీపీడియా ఎందుకు ఆగిపోతోందో తెలిసింది

అడిగింది ఇదీ: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో కివిక్స్ (వికీపీడియాను ఆఫ్‌లైన్‌లో చూపే సాఫ్ట్‌వేర్) పెట్టి, నెట్ లేకుండానే ఫోన్లకు వికీపీడియా అందిస్తుంటే రోజుకు రెండుమూడుసార్లు ఆగిపోతోంది, ఎందుకని?

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఛార్జర్‌ది. ఈ కంప్యూటర్‌కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. పాత ఫోన్ ఛార్జర్ చాలదు. వోల్టేజి తగ్గినప్పుడు తెర మీద కుడివైపు పైమూల పసుపు మెరుపు గుర్తు వస్తుంది. మానిటర్ తగిలించకుండా నడిపితే అదెవరికి కనబడుతుంది?

రెండో తంటా, కరెంటు పోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడవడం. సెట్టింగ్స్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (మార్పుల్ని కార్డులో కాక తాత్కాలిక మెమరీలో ఉంచే ఏర్పాటు) ఆన్ చేస్తే కార్డు మీద రాతలుండవు. కొత్త ఫైళ్లు వేసే ముందు మాత్రం దాన్ని ఆపి రీబూట్ చేయాలి. మరిచిపోతే, వేసినవన్నీ మళ్లీ ఆన్ చేసేసరికి మాయం.

4 జీబీ దాటిన జిమ్ ఫైలు (కివిక్స్ చదివే వికీపీడియా ఫైలు, .zim) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్నట్టే. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి.

ఇక ఫోన్లు. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించి వాటంతటవే మొబైల్ డేటాకు జారుకుంటాయి. డేటా ఆపేసి, 'కనెక్ట్ అయ్యే ఉండాలా' అంటే అవుననాలి. అడ్రసు ముందు హెచ్‌టీటీపీ అనే కొట్టాలి; చివర ఎస్ చేరిస్తే పేజీ తెరుచుకోదు.

తెలుగు వికీ ఒక్కటే చాలన్న సలహా ఇక్కడ కుదరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మాట వచ్చినా తెలుగు అక్షరం రాని పిల్లలున్నారు. మరాఠీ జిమ్ కూడా వేశాం.