సమస్య: "ఎండ మండెడు వేళలోఁ గొండ వణఁకె"

నిర్వాహకుడు: ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఎండ–గొండ ప్రాసయతి, అంటే యతి దగ్గర మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు (ండ) కలుస్తాయి. మన విశాఖ మన్యంలో ఇదివరకు చూసిన జలపాతానికి వేసవిలో మళ్ళీ వెళ్ళడం వర్ణించాలి. రావణుడు కైలాసాన్ని ఎత్తడం మాత్రం వద్దు, విని విని ఉన్నాం.

భీమిలి బాబాయి: బొర్రా దగ్గర జీపెక్కి, దిగాక నడిచి వెళ్ళాం.

కటికి జలపాతమును జూడఁ గాంక్షతోడ
మరల నేఁగఁగ మిత్రులు మబ్బు ముసిరె
చల్ల గాలికి తోడుగా జల్లు కురియ
నెండ మండెడు వేళలోఁ గొండ వణఁకె

వణికింది మా కొండబాబు!

గోస్తని: గణాలు, యతులు కుదిరాయి బాబాయి గారూ. కానీ కొండ ఎవరో మీ కింది వాక్యం చెబుతోంది, పద్యం చెప్పడం లేదు. మూడో పాదం ఇలా మారిస్తే?

చల్ల నీటికి వెఱవక సఖుఁడు తడిసి
(యెండ మండెడు...)

భీమిలి బాబాయి: సఖుడు వచ్చాడు, జల్లు పోయిందమ్మా! ఆ రోజు వణికించింది జల్లే.

సందేహి: మబ్బు ముసిరాక ఎండ మండడమేమిటి?

గోస్తని: వేళ అంటే ఇక్కడ రుతువు. మే నెలలో మన్యం అంతే, పొద్దున్న మాడ్చేస్తుంది, సాయంత్రం ఉరుములు. వెయ్యి మీటర్లు పైకెక్కితే మామూలుగానే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, తడిస్తే చెప్పక్కర్లేదు.

మాడుగుల హల్వా: నా పూరణ.

మునుపు చూచిన మడుఁగునే మొగము వంచి
మరలఁ గనుచుండ ధారలు మల్లెలట్లు
దూఁకి యద్దము వంటి యా తోయ మదర
నెండ మండెడు వేళలోఁ గొండ వణఁకె

నిర్వాహకుడు: భేష్! వణికింది నీటిలోని కొండ. 'ఎండ'కూ పని దొరికింది, వెలుతురు లేనిదే ప్రతిబింబం అంత తేటగా పడదు. చాలామంది ఆ మాటను ఎలాగోలా దాటేస్తారు. అయితే మల్లెలు రాలతాయి గానీ దూకవు. 'మలలనుండి' అంటే యతీ నిలుస్తుంది. ఇంకో మాట, ధారలు దూకే మడుగు అద్దంలా ఎలా ఉంటుందండీ?

మాడుగుల హల్వా: వేసవిలో ధార సన్నబడుతుంది సార్. మడుగు ఇవతలి ఒడ్డున నీళ్ళు నిలకడగానే ఉంటాయి, గాలి విసిరితే ధార చెదిరి ఇటు పడుతుంది. శ్రావణంలో వెళ్ళి ఇలా రాస్తే తప్పే. 'మలలనుండి' తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: సరే, ఒప్పుకున్నాను. బాబాయి గారూ, సఖుణ్ణీ జల్లునూ ఒకే పాదంలో ఇరికించి మళ్ళీ పంపండి. ఆదివారం దాకా గడువుంది.